చౌక చిప్పులు, కొత్త స్వరాలు: గృహ కంప్యూటర్ల సంగీతం – చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం:
1980వ దశకంలో ఇళ్లలోకి వచ్చిన తక్కువ ధర కంప్యూటర్లు, చేతిలో ఇమిడే ఆటయంత్రాలు, అమ్ముడుపోక అంగళ్లలో మిగిలిన సింథసైజర్లు క్రమంగా సంగీతవాద్యాలుగా రూపాంతరం చెందాయి. ఈ పరిణామంలో ధర వహించిన పాత్రను, చిప్పుల నిర్మాణంలోని పరిమితులు స్వరరచనను మలచిన తీరును, భారతదేశంలో ఈ యంత్రాలు ఎదుర్కొన్న భిన్నమైన పరిస్థితిని ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలకపదాలు: సిడ్ చిప్పు, ట్రాకర్, గేమ్ బాయ్, సింథసైజర్, చరణ్‌జిత్ సింగ్, స్వరలిపి

1. ఉపోద్ఘాతం

ఎలక్ట్రానిక్ సంగీత చరిత్రను సాధారణంగా ఖరీదైన వాద్యాల చరిత్రగానే రాస్తూ వచ్చారు. 1981లో రోలాండ్ సంస్థ విడుదల చేసిన జూపిటర్-8 సింథసైజర్ ధర అమెరికాలో ఐదువేల డాలర్లకు పైమాటే. స్టూడియోలకు, పేరున్న బృందాలకు తప్ప అది అందేది కాదు. మరుసటి ఏడాదే కమడోర్ 64 అనే గృహ కంప్యూటర్ 595 డాలర్లకు మార్కెట్లోకి వచ్చి, ఏడాది తిరిగేసరికి సుమారు 200 డాలర్లకు దిగింది. బ్రిటన్‌లో సింక్లెయిర్ స్పెక్ట్రమ్ 125 పౌండ్లకే దొరికేది. వీటిని కొన్నవారిలో అధికులు ఆటల కోసమో, పిల్లల చదువు కోసమో కొన్నారు. వాటి నుంచి ఒక సంగీతసంప్రదాయం పుట్టడం అమ్మినవారు ఊహించిన విషయం కాదు.

చౌక వాద్యం పట్ల పెద్దల చిన్నచూపు తెలుగువారికి తెలియనిది కాదు. పద్యనాటకానికి ప్రాణంగా నిలిచిన హార్మోనియాన్ని ఆకాశవాణి 1940 నుంచి మూడు దశాబ్దాలపాటు దూరంగా ఉంచింది. గమకం పలకదన్నది దానిపై మోపిన ప్రధాన అభియోగం. అది సాంకేతికంగా నిజమే. అయినా రంగస్థలం దాన్ని వదులుకోలేదు. ఇంటి కంప్యూటర్ల సంగీతాన్ని ‘ఆటబొమ్మల మోత’ అని తోసిపుచ్చినవారి వాదంలో కూడా ఇటువంటి అర్ధసత్యమే ఉంది.

2. సిడ్ చిప్పు: దోషమే గుణమైన వైనం

కమడోర్ 64లోని ధ్వనిచిప్పు పేరు సిడ్. మాస్ టెక్నాలజీ సంస్థలో బాబ్ యానెస్ దీన్ని రూపొందించాడు. ఆనాటి కంప్యూటర్ల ధ్వనిచిప్పులు బీప్ శబ్దాలకు మించి పెద్దగా ఏమీ చేయలేవన్న అసంతృప్తితో ఆయన దీన్ని అసలైన సింథసైజర్‌గానే తలపెట్టాడు. మరిన్ని స్వరాలకు చోటిచ్చే పద్ధతి ఆయన ఆలోచనలో ఉన్నప్పటికీ గడువు చాలక మూడింటితో సరిపెట్టవలసివచ్చింది. ఒక్కొక్క స్వరానికి నాలుగు తరంగరూపాలు, నాదం ఎంత వేగంగా పుంజుకోవాలో, ఎంతసేపు నిలవాలో, ఎలా అణగాలో నిర్ణయించే ఏర్పాటు, మూడింటికీ కలిపి ఒక ఫిల్టర్ – ఇదీ దాని స్వరూపం. యానెస్ తర్వాత ఎన్సానిక్ సంస్థ స్థాపకులలో ఒకడై సింథసైజర్ల తయారీకే మళ్లాడు.

మూడు స్వరాలంటే పాశ్చాత్య సంగీతానికి కటకటే. స, గ, ప మూడింటినీ ఒకేసారి పలికించి స్వరమేళనం సాధిస్తే, రాగగతికీ మంద్రస్వరానికీ తాళవాద్యానికీ ఏమీ మిగలదు. దీనికి స్వరకర్తలు కనుగొన్న ఉపాయం సరళమైనది. ఐరోపా టెలివిజన్ తెరపై చిత్రం సెకనుకు 50 సార్లు మారుతుంది. ఆ మార్పుతోపాటే ఒక్క స్వరాన్ని స, గ, ప, స, గ, ప అంటూ పరుగెత్తిస్తే చెవి మూడింటినీ దాదాపు ఒకే మేళనంగా గ్రహిస్తుంది. పూర్తిగా కలిసిపోదు. అంచుల్లో ఒక జలదరింపు మిగులుతుంది. పొదుపు కోసం చేసిన ఆ పనివల్ల పుట్టిన జలదరింపే ఇప్పటికీ ఈ సంగీతానికి గుర్తింపుచిహ్నం. ఇంగ్లండులో రాబ్ హబ్బర్డ్, మార్టిన్ గాల్వే వంటివారు ఈ పద్ధతులను పరిణతికి తెచ్చారు. హబ్బర్డ్ స్వరాలను వాద్యంపై వాయించి నమోదు చేసినవాడు కాదు. వాటిని అంకెలుగా మార్చి యంత్రభాషలో రాశాడు. ఆట మొత్తానికి ఉన్న జ్ఞాపకశక్తే 64 కిలోబైట్లు. అందులో సంగీతానికి దక్కేది కొద్ది కిలోబైట్లు మాత్రమే.

ఈ చిప్పు చరిత్రలో అత్యంత ఆసక్తికరమైన ఘట్టం ఒక లోపానికి సంబంధించినది. ధ్వనిస్థాయిని మార్చినప్పుడల్లా సిడ్ చిన్న ‘టక్’ శబ్దం చేసేది. ధ్వనిస్థాయికి 16 మెట్లు ఉన్నాయి. వాటిని సెకనుకు వేలసార్లు మారిస్తే ఆ టక్కులే కలిసి ఒక తరంగమై, ముందుగా నమోదు చేసిన మృదంగపు దెబ్బనో మనిషి గొంతునో పలికిస్తాయని కొందరు గ్రహించారు. మూడు స్వరాల చిప్పుకు అలా నాలుగో స్వరం దక్కింది. తరువాతి కాలంలో వచ్చిన 8580 రకంలో ఇంజనీర్లు ఆ లోపాన్ని చాలామేరకు సవరించారు. ఫలితంగా కొత్త యంత్రాలపై ఆ నాలుగో స్వరం దాదాపు వినబడకుండా పోయింది. సాంకేతికంగా మెరుగుపడిన యంత్రం సంగీతపరంగా పేదదైంది. అంతేకాక, పాత 6581 చిప్పులలోని ఫిల్టర్లు ఏ రెండూ ఒకలా ఉండేవి కావు. స్వరకర్త ఇంట్లో గంభీరంగా మోగిన పాట వేరొకరి ఇంట్లో మూగపోయినట్లు వినిపించేది. ఇటువంటి సందర్భంలో ‘మూలకృతి’ ఏదన్న ప్రశ్నకు తేలికైన సమాధానం లేదు.

3. ట్రాకర్: నిలువు స్వరలిపి

యంత్రభాష రానివారికి దారి చూపినవి స్వరరచన ప్రోగ్రాములు. క్రిస్ హుల్స్‌బెక్ రచించిన సౌండ్‌మానిటర్ 1986లో జర్మనీలోని ‘64ఎర్’ పత్రికలో అచ్చయింది. పాఠకులు పుటలకొద్దీ అంకెలను చూసి తమ యంత్రంలో టైపు చేసుకోవాలి. మరుసటి ఏడాది కార్‌స్టెన్ ఒబార్‌స్కీ అమీగా కంప్యూటర్ కోసం అల్టిమేట్ సౌండ్‌ట్రాకర్ తెచ్చాడు. అందులో స్వరాలు తెరపై పైనుంచి కిందికి సాగుతాయి. నాలుగు నిలువు వరుసలు, ఒక్కో విభాగానికి 64 అడ్డగీతలు.

మన స్వరలిపి అడ్డంగా తాళావర్తాలను అనుసరించి నడిస్తే, ఇది నిలువుగా యంత్రపు కాలాన్ని అనుసరించి నడుస్తుంది. అంతకన్నా ముఖ్యమైన భేదం మరొకటి ఉంది. ట్రాకర్ దస్త్రంలో పాటతోపాటు దాని స్వరలిపి, వాడిన నాదాల నమూనాలు సమస్తమూ ఉంటాయి. విన్నవాడు దాన్ని తెరిచి, ప్రతి స్వరం ఎలా కూర్చబడిందో చూడగలడు, మార్చగలడు. గురుముఖతః నేర్చుకునే అవకాశం లేని కుర్రవాళ్లకు ఇతరుల దస్త్రాలే గురుకులమయ్యాయి. ఈ బహిరంగత్వానికి మరో ముఖం కూడా ఉంది. ఒకరి నమూనాలను మరొకరు పేరు చెప్పకుండా వాడుకోవడంపై తగాదాలు మామూలే. ఈ దస్త్రాలు చేతులు మారిన డెమోసీన్ సముదాయాన్ని ఫిన్లాండ్ 2020లో తన సజీవ సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది.

4. భారతదేశంలో యంత్రాలు

భారతదేశానికి ఈ యంత్రాలు రాలేదనడం సరికాదు. 1984-85లో ప్రభుత్వం ప్రారంభించిన ‘క్లాస్’ పథకం కింద పాఠశాలలకు బీబీసీ మైక్రో కంప్యూటర్లు అందాయి. వాటిలోని టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ చిప్పు మూడు స్వరాలను, ఒక గలగల శబ్దాన్ని పలికించగలదు. దాని బేసిక్ భాషలో నాదాన్ని పలికించడానికి, మలచడానికి ప్రత్యేకమైన ఆదేశాలున్నాయి. 1986లో డెసిబెల్స్ సంస్థ స్పెక్ట్రమ్ యంత్రాన్ని ఇక్కడ లైసెన్సుపై విడుదల చేసింది. అంటే పరికరం ఉంది. కొరవడినది ఏకాంతం. ఐరోపా కుర్రవాడి కంప్యూటర్ అతని పడకగదిలో ఉండేది, రాత్రంతా అతనిదే. ఇక్కడి కంప్యూటర్ ప్రధానంగా పాఠశాల గదిలో ఉండేది. వ్యర్థంగా గడిపే గంటలు లేనిచోట ఇటువంటి కళ పుట్టడం కష్టం. 1990లలో తెలుగునాట ఇళ్లకు చేరిన నకలు వీడియోగేమ్‌ల ద్వారా జపాను స్వరకర్తల బాణీలు ఒక తరం చెవుల్లో నాటుకున్నాయి గాని, ఆ పెట్టెలు వినిపించేవే తప్ప రాయనిచ్చేవి కావు.

అయితే సింథసైజర్ విషయంలో ఒక విశిష్టమైన మినహాయింపు ఉంది. బొంబాయి సినీరంగంలో వాద్యకారుడైన చరణ్‌జిత్ సింగ్ 1982లో పది రాగాలను డిస్కో తాళానికి కూర్చి ఒక రికార్డు వెలువరించాడు. అందులో వాడినవి రోలాండ్ వారి జూపిటర్-8, టీఆర్-808, టీబీ-303. ఈ చివరిది గిటారు వాయించేవారికి మంద్రస్వర సహకారం కోసం తయారైన చిన్న పెట్టె. అసలు మంద్రవాద్యంలా మోగనందున కొనేవారు కరువై 1984లో దాని తయారీ ఆగిపోయింది. పాతసామాను దుకాణాల్లో చౌకగా దొరికిన ఆ పెట్టెతోనే షికాగోలో ఫ్యూచర్ బృందం 1987లో ‘యాసిడ్ ట్రాక్స్’ విడుదల చేసి, యాసిడ్ హౌస్ అనే శైలికి నాంది పలికింది. ఆ పెట్టెలోని జారుడు స్వరసౌకర్యంలో సింగ్ గమకానికి దగ్గరి పోలికను అయిదేళ్ల ముందే పట్టుకున్నాడు. 2010లో ఆ రికార్డు పునర్ముద్రణ పొందాక ఆయనను ‘యాసిడ్ హౌస్ పితామహుడు’ అనడం ఆనవాయితీ అయింది. ఈ బిరుదు అతిశయోక్తి. షికాగోవారు ఆయన రికార్డు విన్న దాఖలా లేదు. ఆయన పనిని మరొక శైలికి ముందుమాటగా కాక రాగరచనగానే తూచడం న్యాయం.

5. గేమ్ బాయ్: చేతిలో వాద్యం

1989లో నింటెండో తెచ్చిన గేమ్ బాయ్ అమెరికాలో 90 డాలర్లకు దొరికింది. రెండు చతురస్ర తరంగాలు, 32 మెట్లలో ఎవరికి వారు గీసుకోదగిన ఒక తరంగం, ఒక గలగల శబ్దం – ఇవే దాని నాలుగు స్వరాలు. 1998లో హాంబర్గ్ కళాశాల విద్యార్థి ఆలివర్ విట్చోవ్ నానోలూప్‌ను, కొద్దికాలానికి స్వీడన్‌లో యోహాన్ కోట్లిన్‌స్కీ లిటిల్ సౌండ్ డీజేను రూపొందించారు. అప్పటికి గేమ్ బాయ్ పాతబడి, సెకండ్‌హ్యాండ్‌లో నామమాత్రపు ధరకు వస్తోంది. కిందా మీదా పడి నాలుగు మీటలతో పాట రాయడం ఓపిక పరీక్షే అయినా, బస్సులో కూర్చుని రాయగలగడం అంతకుముందు లేని స్వేచ్ఛ. 2003లో మాల్కమ్ మెక్‌లారెన్ ‘వైర్డ్’ పత్రికలో దీన్ని కొత్త పంక్‌గా కీర్తించాడు. అప్పటికే చాలా ఏళ్లుగా ఆ పనిలో ఉన్నవారిలో కొందరికి ఆ పొగడ్త రుచించలేదు.

నేడు ‘చౌక’ అనే మాట ఈ యంత్రాలకు వర్తించదు. టీబీ-303 ధర దాని తొలి ధరకు ఎన్నో రెట్లయింది. సిడ్ చిప్పుల తయారీ ఆగి దశాబ్దాలు గడిచాయి. స్వీడన్‌కు చెందిన ఎలెక్ట్రాన్ సంస్థ 1999లో వాటితో నిర్మించిన సిడ్‌స్టేషన్ అనే వాద్యం, చిప్పుల నిల్వ అయిపోవడంతో నిలిచిపోయింది. సిడ్ బాణీల మాట వేరు. ఔత్సాహికులు సేకరించిన భాండాగారంలో అవి 50 వేలకు పైగా భద్రంగా ఉన్నాయి. గేమ్ బాయ్ రచనలకు ఆ భద్రత లేదు. పాత కార్ట్రిడ్జ్‌లలో పాట నిలిచేది రూపాయి బిళ్లంత బ్యాటరీ ఇచ్చే విద్యుత్తుపైనే. దాన్ని మార్చేముందు పాటను మరోచోటికి నకలు తీయకపోతే, బ్యాటరీతోపాటు అదీ పోతుంది.