అబిస్ స్టూడియో ధ్వని: పీటర్ టేగ్ట్‌గ్రెన్ సంగీత కృషి – ఒక పరిశీలన

స్వీడన్ డెత్ మెటల్ చరిత్ర రాసేవారి దృష్టి ముందుగా రెండు స్టూడియోల మీదికి పోతుంది: స్టాక్‌హోమ్‌లో తోమాస్ స్కోగ్స్‌బెర్గ్ నడిపిన సన్‌లైట్, గోథెన్‌బర్గ్‌లో ఫ్రెడ్రిక్ నోర్డ్‌స్ట్రోమ్ నడిపిన ఫ్రెడ్‌మన్. ఈ రెండు నగరాలకూ దూరంగా, దాలార్నా ప్రాంతంలోని లుడ్వికా పట్టణ పరిసరాల్లో, పెర్ల్‌బీ అనే పల్లెలో పీటర్ టేగ్ట్‌గ్రెన్ నెలకొల్పిన అబిస్ స్టూడియో 1990ల ద్వితీయార్ధంలో ఉత్తర యూరప్ మెటల్ ధ్వనిని ఎంతగానో మార్చినప్పటికీ, ఆయనను ఎక్కువగా హిపోక్రసీ బృందపు గిటారిస్టుగానూ గాయకుడిగానూ మాత్రమే గుర్తిస్తారు. ఆయన కృషిని వేదిక వైపు నుంచి కాక రికార్డింగు గది వైపు నుంచి చూస్తే, విడివిడిగా కనిపించే అనేక ఘట్టాలకు ఒకదానితో ఒకటి ఉన్న సంబంధం తెలుస్తుంది.

1970లో జన్మించిన టేగ్ట్‌గ్రెన్ యౌవనారంభంలో కొంతకాలం అమెరికాలోని ఫ్లోరిడాలో గడిపాడు. గిటార్ల శ్రుతిని బాగా కిందికి దించి, గొంతు లోతు నుంచి గర్జిస్తూ పాడే డెత్ మెటల్ అనే శైలికి ఆనాడు ఫ్లోరిడాయే ప్రధాన కేంద్రం. స్వదేశానికి తిరిగివచ్చాక ఆయన స్థాపించిన హిపోక్రసీ 1992లో ‘పెనెట్రేలియా’, 1993లో ‘ఆస్క్యులమ్ ఆబ్సినమ్’ ఆల్బమ్‌లను జర్మనీకి చెందిన న్యూక్లియర్ బ్లాస్ట్ సంస్థ ద్వారా వెలువరించింది. ఆ తరువాత గాయకుడు మాసె బ్రోబెర్గ్ నిష్క్రమించడంతో గానబాధ్యత కూడా టేగ్ట్‌గ్రెన్ మీద పడింది. బాసిస్టు మికాయెల్ హెడ్‌లుండ్, డ్రమ్మర్ లార్స్ సోకెలతో కలిసి ముగ్గురే మిగిలిన బృందం చేసిన ‘ది ఫోర్త్ డైమెన్షన్’ (1994)లో వేగం తగ్గింది, కీబోర్డుల నేపథ్యం పెరిగింది, తొలి పాటల్లోని మతనిందకు బదులు గ్రహాంతర జీవుల ప్రస్తావనలు క్రమంగా చోటుచేసుకోసాగాయి. అమెరికాలో గ్రహాంతర వాహనం కూలిందని ప్రచారమైన 1947 నాటి రోజ్‌వెల్ ఉదంతాన్ని ఆధారం చేసుకున్న పాట ‘అబ్డక్టెడ్’ (1996) ఆల్బమ్‌లోనిది.

ఈ మార్పుకు స్టూడియోతో ఉన్న సంబంధం గమనింపదగినది. సన్‌లైట్‌లో రికార్డయిన ఎంటూంబ్డ్ వంటి బృందాలు బాస్ కంపెనీవారి హెచ్‌ఎమ్-2 అనే డిస్టార్షన్ పెడల్‌ను, అంటే గిటార్ నాదాన్ని గరగరలాడేలా మార్చే చిన్న పరికరాన్ని, దాని మీటలన్నీ చివరిదాకా తిప్పి వాడేవి. రంపపు కోతలాంటి ఆ ధ్వనిలో వాద్యాలన్నీ ఒకదానిలో ఒకటి కలగలిసిపోయేవి. టేగ్ట్‌గ్రెన్ ఎంచుకున్నది దీనికి భిన్నమైన మార్గం. మోత తగ్గకుండానే, గిటార్ వాయించే రిఫ్ – మళ్లీ మళ్లీ వచ్చే చిన్న స్వరబంధం – ఒకవైపు, కీబోర్డుల పరపు మరొకవైపు, జంట కాళ్ల డ్రమ్ముల దరువు అడుగున, ప్రతి ఒక్కటీ విడిగా చెవికి అందేలా మిక్సింగ్ చేయడం ఆ మార్గం.

దీని ప్రభావం అన్నిటికన్నా ఎక్కువగా పడినది డెత్ మెటల్ మీద కాదు, బ్లాక్ మెటల్ మీద. ఒకే తీగను ఎడతెగకుండా మీటుతూ, కీచుగొంతుతో పాడే ఈ నార్వే శైలిలో మసకబారిన రికార్డింగు లోపంగా కాక నిజాయితీకి గుర్తుగా చెలామణీ అయ్యేది. డార్క్ ఫ్యూనరల్ అనే స్వీడిష్ బృందం తన తొలి పూర్తి ఆల్బమ్‌ను మొదట డాన్ స్వానో స్టూడియోలో రికార్డు చేసి, తృప్తి చెందక అబిస్‌లో మళ్లీ మొదటి నుంచి చేసి 1996లో విడుదల చేసింది. మరుసటి ఏడు నార్వేకు చెందిన డిమ్మూ బోర్గిర్ ఇక్కడే ‘ఎన్‌త్రోన్ డార్క్‌నెస్ ట్రయంఫంట్’ను రూపొందించింది, ఆ శైలి శ్రోతల పరిధిని ఒక్కసారిగా విస్తరింపజేసిన ఆల్బమ్ ఇది. అంతవరకు బెర్గెన్ నగరంలో రికార్డు చేసుకుంటూ వచ్చిన ఇమ్మోర్టల్ కూడా ‘ఎట్ ది హార్ట్ ఆఫ్ వింటర్’ (1999) నాటికి అబిస్‌కు చేరింది. ఈ ఆల్బమ్‌లోని పొడవైన పాటల్లో గిటార్ వాక్యాలు సాగే తీరు, వాటి మధ్య విరామాలు స్పష్టంగా వినబడకపోతే, ఆ రచన ప్రయోజనమే దెబ్బతినేది. ఆ బృందపు డ్రమ్మర్ హోర్గ్ 2004లో హిపోక్రసీలో చేరడాన్ని బట్టి, స్టూడియో పరిచయాలు వేదికకు ఎలా చేరాయో తెలుస్తుంది.

మార్డుక్, అమోన్ అమార్త్, ఫిన్లాండ్‌కు చెందిన చిల్డ్రన్ ఆఫ్ బోడమ్ కూడా ఇదే దారి పట్టడంతో, అబిస్ నుంచి వచ్చిన ఆల్బమ్‌లన్నీ ఒకే అచ్చులో పోసినట్లున్నాయనే విమర్శ బయలుదేరింది. ఇందులో కొంత వాస్తవం లేకపోలేదు. అయితే స్విట్జర్లండ్ బృందం సెల్టిక్ ఫ్రాస్ట్‌తో కలిసి ఆయన రూపొందించిన ‘మోనోథీయిస్ట్’ (2006)లోని బరువైన, ఊపిరాడనివ్వని నిదానం వింటే, ఆ విమర్శను ఆయన కృషి అంతటికీ వర్తింపజేయడం తగదని తేలిపోతుంది.

ఇతరుల ఆల్బమ్‌ల పని ముమ్మరంగా ఉన్న కాలంలోనే, హిపోక్రసీకి వీడ్కోలుగా తలపెట్టిన ‘ది ఫైనల్ చాప్టర్’ (1997) వెలువడింది. బృందం ఆగలేదు కానీ, అదే సంవత్సరం తొలి ఆల్బమ్‌తో ముందుకు వచ్చిన పెయిన్ అనే సొంత ప్రాజెక్టు ఆయన స్వభావాన్ని మరింత స్పష్టం చేస్తుంది. ఎలక్ట్రానిక్ లయలను మెటల్ గిటార్లతో జోడించే ఈ ప్రయత్నంలో వాద్యాలు, గానం, మిక్సింగ్ ప్రధానంగా ఒక్క మనిషి పనే. స్టూడియో సొంతదైనవాడికి మాత్రమే సాధ్యమయ్యే రచనాపద్ధతి ఇది. దీనికి మరో పార్శ్వం కూడా ఉంది: 2002 నాటి హిపోక్రసీ ఆల్బమ్ ‘క్యాచ్ 22’ తృప్తినివ్వక, దానిని కొంత మళ్లీ రికార్డు చేసి, మళ్లీ మిక్సింగ్ చేసి 2008లో తిరిగి విడుదల చేశాడు. ప్రొడ్యూసర్ గిటారిస్టును ఆరేళ్ల తరువాత సరిదిద్దిన ఈ ఉదాహరణ ఆయన విజయాలన్నిటికన్నా ఎక్కువ చెబుతుంది.

తరువాతి దశాబ్దంలో, జర్మన్ బృందం రామ్‌స్టైన్ గాయకుడు టిల్ లిండెమాన్‌తో చేసిన ‘స్కిల్స్ ఇన్ పిల్స్’ (2015), ‘ఎఫ్ అండ్ ఎమ్’ (2019) ఆల్బమ్‌లలో మాటలు లిండెమాన్‌వి కాగా సంగీత నిర్మాణం టేగ్ట్‌గ్రెన్‌ది. 2020లో ఇద్దరూ విడిపోయారు. దాలార్నాకే చెందిన సబటాన్ ఆల్బమ్ ‘హీరోస్’ (2014)కు ప్రొడ్యూసర్ కూడా ఆయనే. ‘ఎండ్ ఆఫ్ డిస్‌క్లోజర్’ (2013) తరువాత హిపోక్రసీ కొత్త ఆల్బమ్ ‘వర్షిప్’ 2021 దాకా రాకపోవడానికి కారణం ఈ పనుల జాబితాలోనే కనిపిస్తుంది.