మాట చెల్లని పెద్దమనుషులు

బోస్టన్. 2000ల తొలి ఏళ్లు. హార్వర్డ్ వైద్య పరిశోధకుల ల్యాబ్‌లో సెంట్రిఫ్యూజ్ గుయ్‌మని తిరిగి తిరిగి ఇప్పుడే ఆగింది. గొట్టం తీసి వెలుతురుకెదురుగా పట్టుకుందాం. అడుగున ముదురు ఎరుపు. పైన లేత పసుపు ద్రవం. నడుమ పాలమీద మీగడలా సన్నటి తెల్లని పొర. మనకు కావలసిన తెల్లరక్తకణాలు ఆ పొరలోనే ఉన్నాయి.

ఈ రక్తం మల్టిపుల్ స్క్లెరోసిస్ ఉన్న మనిషిది. ఓ రోజు నిద్రలేచేసరికి ఒక కన్ను మసకబారుతుంది. కొన్ని వారాలకు చూపు తేరుకుంటుంది. మరో ఏడాది కాళ్లు తిమ్మిరెక్కుతాయి. నరాల మీద తొడుగులా ఉండే మైలిన్‌ను, ఒంటిని కాపాడాల్సిన తెల్లరక్తకణాలైన సొంత టీ-కణాలే దెబ్బతీస్తున్నాయి. కంచే చేను మేస్తోంది.

కానీ మైలిన్‌ను శత్రువనుకునే టీ-కణాలు మీలోనూ నాలోనూ ఉన్నాయి. మనకెందుకు రాలేదు ఈ జబ్బు? నన్ను పట్టి కుదిపేసే ప్రశ్న ఇది. మన ఒంట్లో తగవు తీర్చే పెద్దమనుషులున్నారు. వాళ్లే నియంత్రక టీ-కణాలు. వాటిని వాటి ఒంటిమీది సీడీ25 అనే గుర్తుతో ఎలుకల్లో పోల్చిపట్టింది జపాన్ శాస్త్రవేత్త షిమోన్ సకగుచి, 1995లో. 2025 నోబెల్ పంచుకున్న ముగ్గురిలో ఆయనొకరు.

కణాలను వేరుచేసే యంత్రం, సార్టర్, దగ్గరికి వద్దాం. కణాలు బొట్టుబొట్టుగా లేజర్ వెలుగు దాటుతున్నాయి. సీడీ25 దండిగా ఉన్నవి ఒక గొట్టంలోకి, లేనివి మరో గొట్టంలోకి. సీడీ4 అనే గుర్తున్న టీ-కణాల్లో మొదటి రకం నూటికి ఒకటో రెండో. రోగి రక్తంలో ఎన్ని దొరికాయో ఆరోగ్యవంతుడి రక్తంలోనూ ఇంచుమించు అన్నే. లెక్కలో లోటు లేదు.

ఇప్పుడు చిన్నచిన్న గుంతల ప్లాస్టిక్ పళ్లెం. ప్రతి గుంతలో మామూలు టీ-కణాలు పోసి రెచ్చగొడతాం. కొన్ని గుంతల్లో పెద్దమనుషుల్ని కలుపుతాం. కొన్ని రోజులాగి, రేడియోధార్మిక థైమిడిన్ వేస్తాం. చీలి పెరిగే కణాలే దాన్ని లోపలికి తీసుకుంటాయి.

యంత్రం అంకెలు చెబుతోంది. ఆరోగ్యవంతుడి గుంతల్లో పెద్దమనుషులు కలిసిన చోట పెరుగుదల పడిపోయింది. రోగి గుంతల్లో అంతగా పడలేదు. ఎవరిది లోపం? రోగి పెద్దమనుషుల్ని ఆరోగ్యవంతుడి కణాల మధ్యకు పంపారు. అక్కడా వాళ్ల మాట చెల్లలేదు. ఈ ల్యాబ్‌లోని డేవిడ్ హాఫ్లర్ బృందం దీన్ని 2004లో ప్రచురించింది. ఉన్నారు, ఉండీ ఆపలేకపోతున్నారు. రోగికి ఇంతకన్నా అన్యాయం ఏముంటుంది?

పదమూడేళ్లు దాటి బెల్‌ఫాస్ట్‌కు పోదాం, క్వీన్స్ యూనివర్సిటీకి. ఇక్కడ అడుగుతున్నది వేరే సంగతి: పోయిన తొడుగు తిరిగి వస్తుందా? నియంత్రక కణాలు లేని ఎలుకల వెన్నుపాములో మైలిన్ మరమ్మతు వెనకబడింది. అంటే ఈ పెద్దమనుషులు తగవు ఆపడంతోనే చేతులు దులుపుకోరు, కూలిన గోడ కట్టడానికీ సాయం పడతారు.

మైక్రోస్కోపు కింద ఎలుక మెదడు ముక్క ఉంది. దాని మీద నియంత్రక కణం ఒక్కటీ లేదు. అవి పెరిగిన ద్రవం మాత్రం పోశారు. అందులో అవి వదిలిన సీసీఎన్3 అనే ప్రొటీన్ ఉంది. కన్ను ఆనించి చూడండి: నరం పోగుల చుట్టూ కొత్త మైలిన్ చుట్టుకుంటోంది.