నందికొండకు మైనస్ 24 ఎందుకు?

నందికొండ అని రాస్తే కంటికి కనబడేవి నాలుగు అక్షరాలు. యూనికోడ్ లెక్కలో గుణింతపు గుర్తులు, సున్నలు విడివిడిగా నిలబడి ఎనిమిదవుతాయి. యూటీఎఫ్-8లో ఒక్కోదానికి మూడు బైట్లు, వెరసి 24.

పెర్ల్ భాషలో నందికొండ పేరు మీద నాగార్జున సాగర్ నీటిమట్టాన్ని ఒక హ్యాష్‌లో, అంటే పేరు చెబితే విలువ ఇచ్చే పట్టికలో, దాచామనుకుందాం. సి భాషలో ఎక్స్‌టెన్షన్ రాసేవాళ్లు దాన్ని బయటికి తీయాలంటే 'హెచ్‌వీ_ఫెచ్' ఫంక్షన్‌కు పేరుతోపాటు పొడవూ ఇవ్వాలి. ఆ పొడవు 24 కాదు, మైనస్ 24! కీ, అంటే ఆ పేరు, యూటీఎఫ్-8లో ఉందని చెప్పడానికి మైనస్ గుర్తునే వాడుకున్నారు. తెలివైన ఏర్పాటే గానీ, మరిచిపోయేవాడి పాలిట గొయ్యి.

మామూలు పెర్ల్ స్క్రిప్టు ఈ మైనస్ పొడవు తోవన నడవదు. అలాంటప్పుడు దీన్ని పరీక్షించేదెలా?

1987లో లారీ వాల్ తొలి పెర్ల్‌ను విడుదల చేసినప్పుడే దాని వెంట టెస్టులున్నాయి. 'ఓకే 1', 'ఓకే 2' అని వరసగా అచ్చువేసే చిన్న స్క్రిప్టులవి. వాటికి పైపై ప్రవర్తనే తెలిసేది. సి ఫంక్షన్ల దాకా వెళ్లడానికి 2002లో టిమ్ జెన్నెస్, మరికొందరు కలిసి 'ఎక్స్ఎస్::ఏపీఐటెస్ట్' అనే మాడ్యూల్ తెచ్చారు. మొదటి పని చాలా చిన్నది: 'ప్రింట్_డబుల్'కు 5 ఇస్తే తెర మీద 5.000 పడుతోందా లేదా? తర్వాత హ్యాష్‌లూ వచ్చి చేరాయి. స్క్రిప్టు నందికొండ అని పంపితే, పొడవుకు మైనస్ తగిలించి లోపలి ఫంక్షన్‌ను నేరుగా పిలిచే పని ఈ మాడ్యూల్‌ది.

పైథాన్‌దీ ఇదే బాట. '_టెస్ట్‌సీఏపీఐ' అనే మాడ్యూల్‌లో 'టెస్ట్_' అని మొదలయ్యే ఫంక్షన్లను టెస్టు స్క్రిప్టు తనే ఏరుకుని నడుపుతుంది. బయటివాళ్లు ముట్టకూడని లోపలి ఫంక్షన్ల కోసం 2019లో వచ్చిన 3.8 వెర్షన్‌లో '_టెస్ట్‌ఇంటర్నల్‌సీఏపీఐ'ని వేరుగా పెట్టారు.

పెర్ల్‌ను ఇన్‌స్టాల్ చేసుకుంటే 'ఎక్స్ఎస్::ఏపీఐటెస్ట్' రాదు, సోర్సులోనే ఉండిపోతుంది. అదే సబబు. లోపలి తలుపుల తాళాలు అందరికీ పంచితే రేపు ఏ తలుపునూ మార్చలేం.

2018 ఫిబ్రవరిలో 'జ్ఞా' అన్న ఒక్క అక్షరం ఐఫోన్ యాప్‌లను కూల్చింది. ఆ తప్పు పెర్ల్‌ది కాదు, అక్షరాలు గీసే కోడ్‌ది. అయినా మన లిపిని లోపలి ఫంక్షన్ల దాకా పంపి చూడాల్సిన అవసరం ఎంతుందో తెలిసొచ్చింది. ఇంజినీరింగ్ చదివే పిల్లలూ, పెర్ల్ సోర్సు దించుకుని, 'ఎక్స్ఎస్::ఏపీఐటెస్ట్' టెస్టుల్లో మీ ఊరి పేరుతో ఒకటి రాసి చూడండి.