యూట్యూబ్-డీఎల్

యూట్యూబ్‌తో పాటు వందలాది వెబ్‌సైట్ల నుంచి వీడియోను, ఆడియోను కంప్యూటర్‌లోకి దింపుకోవడానికి వాడే ఉచిత ఓపెన్‌సోర్స్ ప్రోగ్రామ్ యూట్యూబ్-డీఎల్. దీన్ని పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో రాశారు. డిజిటల్ తాళం అని దేన్ని అనాలన్న న్యాయవివాదం వల్ల ఇది ప్రసిద్ధికెక్కింది.

పుట్టుక

రికార్డో గార్సియా 2006లో దీన్ని రూపొందించారు. అప్పట్లో ఆయనకున్నది 56కె మోడెమ్. ఆ వేగంతో వీడియో సాఫీగా నడవదు కనుక ముందే దింపుకుని తీరిగ్గా చూసుకోవాలన్నది ఉద్దేశం. తర్వాత నిర్వహణ ఇతర ప్రోగ్రామర్ల చేతికి వెళ్లింది. కోడ్‌ను ప్రోగ్రామర్లు పంచుకునే గిట్‌హబ్ అనే వెబ్‌సైట్‌కు చేర్చారు.

పనితీరు

యూట్యూబ్ చాలా వీడియోల దృశ్యాన్ని, శబ్దాన్ని విడివిడి స్ట్రీములుగా పంపుతుంది. పాట మాత్రమే కావాలంటే శబ్దపు స్ట్రీమ్ ఒక్కటీ దింపుకుంటే చాలు. రెండింటినీ కలపడానికి, ఎంపీ3గా మార్చడానికి ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ అనే మరో ప్రోగ్రామ్ తోడ్పడుతుంది. కొన్ని వీడియోల లింకుల్లో యూట్యూబ్ ఒక సంకేతాన్ని తారుమారు చేసి ఉంచుతుంది. దాన్ని సరిచేసే జావాస్క్రిప్ట్‌ను బ్రౌజర్‌కు తానే అందిస్తుంది. యూట్యూబ్-డీఎల్ చదివేదీ ఆ స్క్రిప్టునే.

2020 వివాదం

యూట్యూబ్ తారుమారు చేసే ఈ సంకేతం రక్షణ ఏర్పాటేనని, దాన్ని దాటడం అమెరికా కాపీరైట్ చట్టంలోని 1201 సెక్షన్‌కు విరుద్ధమని అక్కడి రికార్డింగ్ కంపెనీల సంఘం ఆర్‌ఐఏఏ వాదించింది. 2020 అక్టోబర్ 23న అది నోటీసు ఇవ్వడంతో గిట్‌హబ్ కోడ్‌ను తొలగించింది. పరీక్షల కోసం కోడ్‌లో పేర్కొన్న కొన్ని వాణిజ్య గీతాల లింకులనూ సంఘం సాక్ష్యంగా చూపింది. అందరి బ్రౌజర్లకూ అందే స్క్రిప్టును నడపడం తాళం పగలగొట్టడం కాదని డిజిటల్ హక్కుల సంస్థ ఎలక్ట్రానిక్ ఫ్రాంటియర్ ఫౌండేషన్ బదులిచ్చింది. నవంబర్ 16న గిట్‌హబ్ కోడ్‌ను పునరుద్ధరించి, ఇలాంటి చిక్కుల్లో పడే డెవలపర్ల కోసం పది లక్షల డాలర్ల నిధిని ప్రకటించింది. జర్మనీలో మాత్రం 2023లో హాంబర్గ్ కోర్టు సంగీత కంపెనీల పక్షాన తీర్పు చెప్పింది. యూట్యూబ్-డీఎల్ వెబ్‌సైట్‌కు చోటిచ్చిన హోస్టింగ్ సంస్థను బాధ్యురాలిగా నిర్ణయించింది.

వారసత్వం

2021లో యూట్యూబ్ డౌన్‌లోడ్ వేగానికి కళ్లెం వేసే మార్పులు తెచ్చింది. వాటికి తగ్గట్టు త్వరగా మారిన వైటీ-డీఎల్‌పీ వాడుకలో ముందుకొచ్చింది. ఇది అదే కోడ్ నుంచి చీలిన శాఖ.

భారతదేశంలో

2014 డిసెంబర్‌లో యూట్యూబ్ తన యాప్‌లోనే కొన్ని వీడియోలను ఆఫ్‌లైన్‌లో దాచుకునే వీలు కల్పించింది. ఆ ఫైళ్లు యాప్ దాటి బయటకు రావు. 2012లో భారత కాపీరైట్ చట్టంలో చేర్చిన 65ఎ సెక్షన్, హక్కులను ఉల్లంఘించే ఉద్దేశంతో సాంకేతిక రక్షణను దాటితే రెండేళ్ల వరకు జైలుశిక్ష, జరిమానా విధిస్తుంది. సొంత అవసరానికి, పరిశోధనకు న్యాయబద్ధమైన వాడకాన్ని 52వ సెక్షన్ మినహాయిస్తుంది. చట్టం సంగతి ఎలా ఉన్నా, తాను అనుమతించని డౌన్‌లోడ్‌లను యూట్యూబ్ తన సేవా నిబంధనల్లో విడిగా నిషేధించింది.