‘రావు’: రాజధానిలో ఇంటిపేరుగా మారిన గౌరవపదం

దేశ రాజధాని ప్రాంతంలో ‘రావు’ అనగానే అది వంశనామమని ఉత్తరాదివారు భావిస్తారు. తెలుగునాట మాత్రం రావు ఇంటిపేరు కాదు. పురుషుల పేరు చివర చేరే గౌరవపదం. అసలు ఇంటిపేరు పేరుకు ముందు ఉంటుంది. ఢిల్లీకి చేరేసరికి ఆ ఇంటిపేరు ఒక పొడి అక్షరంగా కుదించుకుపోయి, చివరన ఉన్న గౌరవపదం దాని స్థానాన్ని ఆక్రమిస్తోంది.

సంస్కృతంలోని ‘రాజ’ శబ్దం ప్రాకృతంలో ‘రాయ’గా మారింది. రాయలు, రాయుడు, రావు, ఉత్తరాదిన రాయ్ అన్నీ దాని రూపాలే. దక్కను ఆస్థానాల్లో బిరుదుగా వాడిన ఈ మాట క్రమంగా ఉద్యోగులకు, భూస్వాములకు, చివరకు సామాన్యులకూ అందింది. అందువల్ల రావు అనే పేరు ఒక కులానికి గాని, ఒక భాషకు గాని పరిమితం కాదు. తెలుగువారితో పాటు కన్నడ, కొంకణి, మరాఠీ ప్రజల్లోనూ ఉంది. రాజ్యాంగ సభకు సలహాదారుగా పనిచేసిన బెనెగళ్ నర్సింగ్ రావు మంగుళూరు ప్రాంతీయులు.

ఢిల్లీ పొరుగునే ఇదే మాట మరో స్థానంలో కనిపిస్తుంది. 1857 తిరుగుబాటులో బ్రిటిష్ సేనలతో పోరాడిన రేవాడీ పాలకుడు రావ్ తులారామ్. 1863లో కాబూల్‌లో మరణించిన ఆయన పేరిట దక్షిణ ఢిల్లీలో ఒక ప్రధాన రహదారి ఉంది. హర్యానా ముఖ్యమంత్రిగా పనిచేసిన రావ్ బీరేందర్ సింగ్ ఆ వంశీయులే. అక్కడ రావ్ పేరుకు ముందు వస్తుంది, బిరుదుగానే నిలిచింది.

తెలుగువారి విషయంలో ఈ మార్పునకు ప్రముఖ ఉదాహరణ పాములపర్తి వెంకట నరసింహారావు. 1991 జూన్ 21న ప్రధానమంత్రిగా ప్రమాణ స్వీకారం చేసిన నాటి నుంచి రాజధానిలోని ఆంగ్ల పత్రికల శీర్షికల్లో ఆయన ‘రావు’ అయ్యారు. ఆయన ప్రభుత్వం ‘రావు ప్రభుత్వం’ అయింది. తెలుగు పాఠకులకు ఆయన ‘పీవీ’. పాములపర్తి అన్న ఇంటిపేరుకు అందులో ఒక అక్షరమైనా మిగిలింది. ఢిల్లీ పిలుపులో అదీ లేదు.

విజయవాడ నుంచి లోక్‌సభకు ఎన్నికై కేంద్రంలో నీటిపారుదల శాఖను నిర్వహించిన కానూరి లక్ష్మణరావు తెలుగువారికీ కె.ఎల్.రావే. పులిచింతల జలాశయానికి పెట్టిన పేరులోనూ కానూరి ‘కె’గానే ఉంది. 1967లో గోలక్‌నాథ్ తీర్పు వెలువరించిన ప్రధాన న్యాయమూర్తి కోకా సుబ్బారావు ఇంటిపేరు మాత్రం, బహుశా రెండక్షరాలదే కావడంవల్ల, తెలుగువారి నోట చెక్కుచెదరలేదు. గణాంకశాస్త్రంలో మరో విశేషం ఉంది. 1945 నాటి పరిశోధనతో ప్రసిద్ధుడైన కల్యంపూడి రాధాకృష్ణారావు పేరిట ‘క్రామర్–రావు’, ‘రావు–బ్లాక్‌వెల్’ సిద్ధాంతాలు ప్రపంచమంతటా బోధిస్తున్నారు. క్రామర్, బ్లాక్‌వెల్ వంశనామాలు. వాటి సరసన నిలిచిన రావు వంశనామం కాదు.

పేరుకు ముందు ఇంటిపేరు పెట్టుకోవడం తెలుగువారి ప్రత్యేకత మాత్రమే కాదు. ఐరోపాలో హంగరీ ప్రజలదీ ఇదే పద్ధతి. అక్కడ అత్యధికంగా వినిపించే ఇంటిపేరు ‘నాజ్’. పెద్ద అని అర్థం. 1956 తిరుగుబాటు కాలంలో ప్రధానిగా ఉన్న నేతను స్వదేశంలో నాజ్ ఇమ్రే అంటారు. విదేశీ పత్రికలు ఇమ్రే నాజ్ అని రాశాయి. వరుస తారుమారైనా ఇంటిపేరు ఇంటిపేరుగానే మిగిలింది. తెలుగువారికి ఆ వెసులుబాటు దక్కలేదు.

స్త్రీల పేర్ల చివర రావు చేర్చడం తెలుగునాట ఆచారం కాదు. రాజధానిలో స్థిరపడిన కుటుంబాల్లో అదీ మారింది. వనపర్తి సంస్థానాధీశుడు, పార్లమెంటు సభ్యుడు జె.రామేశ్వరరావు కుమార్తె, ఢిల్లీలో ఠుమ్రీ గాయనిగా పేరొందిన విద్యారావు తండ్రి పేరులోని చివరి భాగాన్ని ధరించారు. ఆమె కుమార్తె, నటి అదితీ రావ్ హైదరీ పేరులో అది మూడో తరానికి చేరింది.

అసలు చిక్కు ధ్రువపత్రాల దగ్గర వస్తుంది. ఉభయ తెలుగు రాష్ట్రాల పదో తరగతి పత్రంలో సాధారణంగా ఇంటిపేరు ముందుంటుంది. పాస్‌పోర్టులో ఇంటిపేరుకు, పేరుకు వేర్వేరు గడులు ఉన్నాయి. మొదటి గడిలో ఇంటిపేరు నింపిన తండ్రికి, రావు అని నింపిన కుమారుడికి కాగితాల మీద వంశం వేరవుతుంది. ఆ గడిని ఖాళీగా వదిలినవారికి మరో ఇబ్బంది. పాస్‌పోర్టులో ఒకే పేరు ఉన్న సందర్శకులను అనుమతించబోమని 2022 నవంబరులో యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్ ప్రకటించింది.

పేరు మార్పును కేంద్ర రాజపత్రంలో ప్రకటించుకోదలచినవారు ప్రమాణపత్రం సిద్ధం చేసుకుని, పత్రికా ప్రకటన ఇచ్చి, ఢిల్లీ సివిల్ లైన్స్‌లోని ప్రచురణల విభాగానికి దరఖాస్తు చేయవలసి ఉంటుంది. పిల్లల జనన నమోదు సమయంలోనే ఇంటిపేరును పూర్తిగా రాయిస్తే ఈ ప్రయాస చాలావరకు తప్పుతుంది.