రెండు ఓసీలు

భూపాలపల్లిలో ఓసీ అంటే ఎవరికీ విడమరిచి చెప్పక్కర్లేదు. ఓపెన్ కాస్ట్. పైనున్న మట్టినంతా తవ్విపోసి బొగ్గు తీసే గని. అవే రెండక్షరాలు గ్రాఫిక్స్ కార్డుల అట్టపెట్టెల మీద కూడా ఉంటాయి: 'ఓసీ ఎడిషన్'. అక్కడ దానర్థం ఓవర్‌క్లాక్. సింగరేణిలో పనిచేసే మా బావ, కొడుకు ఫోన్లో చూపించిన పెట్టె బొమ్మ చూసి "దీన్ని గుడ ఓసీలనే తవ్వుతుండ్రా?" అన్నాడు. జోకుగానే అన్నాడు గానీ, రెండిటికీ పోలిక ఉంది. లోపల దాగున్నదాన్ని చివరిదాకా తోడుకోవడం దగ్గర.

చిప్‌ల తయారీలో ఒక విచిత్రం ఉంది. ఒకే వేఫర్ మీద, ఒకే రోజు తయారైన చిప్‌లు కూడా ఒకేలా ఉండవు. కొన్ని ఎక్కువ వేగం తట్టుకుంటాయి, కొన్ని తట్టుకోవు. కంపెనీ వాటిని తరగతులుగా విడదీసి, ఆ తరగతిలో అన్నిటికంటే నీరసమైన చిప్ కూడా ఇబ్బంది పడని వేగాన్ని పెట్టె మీద రాస్తుంది. రాసిన వేగానికీ, మీ చేతిలోని చిప్ నిజంగా తట్టుకోగల వేగానికీ మధ్య కొంత మిగులు ఉంటుంది. ఆ మిగులు ఎవరిది? మిగిలినదాంట్లో ఎవరి వాటా ఎంత అన్నది సింగరేణి ఊళ్లలో ఏటా దసరా ముందు నడిచే చర్చే. ఓవర్‌క్లాకింగ్ చరిత్రంతా నాకు ఈ ఒక్క ప్రశ్న చుట్టూ తిరిగినట్టు కనిపిస్తుంది.

మొదట్లో జవాబు తేలిక: కొన్నవాడిది. 1998 ఆగస్టులో ఇంటెల్ సెలెరాన్ 300ఏ అనే చవక ప్రాసెసర్ తెచ్చింది. 66 మెగాహెర్ట్జ్ బస్ మీద నాలుగున్నర రెట్లు, అంటే 300. మదర్‌బోర్డులో బస్‌ను 100కి మారిస్తే అదే నాలుగున్నర రెట్లు 450 అవుతుంది. చాలా చిప్‌లు ఆ వేగంలో చక్కగా నడిచాయి. అంటే చవక చిప్ కొన్న కుర్రాడు, దానికి ఎన్నో రెట్ల ధర ఉన్న పెంటియం టూ పక్కన నిలబడ్డాడు. గ్రాఫిక్స్ కార్డుల్లో ఇంతకంటే తమాషా 2002లో జరిగింది. కెనడా కంపెనీ ఏటీఐ అమ్మిన రేడియాన్ 9500లో ఉన్నది ఖరీదైన 9700లోని చిప్పే. ఎనిమిది పైప్‌లైన్లలో నాలుగింటిని మూసి అమ్మారంతే. కొన్ని కార్డుల్లో ఆ నాలుగింటినీ సాఫ్ట్‌వేర్‌తో తెరవగలిగారు. అదృష్టం ఉంటే కొత్త కార్డు, లేకపోతే తెరనిండా చదరంగం గళ్లు! డబ్బు తక్కువా, టైము ఎక్కువా ఉన్నవాళ్ల ఆట అది. వారంటీ పోతుందన్న భయాన్ని పక్కనపెట్టి ఆడేవాళ్లు.

ఇది ఎక్కడ మారిందంటే నేను 2012 మార్చి అంటాను. ఎన్విడియా జీటీఎక్స్ 680తో 'జీపీయూ బూస్ట్' వచ్చింది. పెట్టె మీద 1006 మెగాహెర్ట్జ్ అని ఉంటుంది, కానీ వేడి, కరెంటు హద్దుల్లో ఉన్నంతసేపూ కార్డు తనంతట తానే పైకి పోతుంది. మనం రాత్రంతా కూర్చుని చేసే పని చిప్ సెకనుకు ఎన్నోసార్లు చేసుకుంటోంది. ఇంజినీరుగా నాకది ముచ్చటేసే డిజైన్. కానీ ఆ మిగులు అప్పటి నుంచి కంపెనీ లెక్కలోకి వెళ్లిపోయింది. ఆ తర్వాత వోల్టేజికి తాళాలు పడ్డాయి. ఇప్పుడు 'ఓసీ ఎడిషన్' అంటే ఫ్యాక్టరీలోనే రెండు మూడు శాతం పెంచి, అందుకు అదనంగా వసూలు చేసే కార్డు. సెలెరాన్ కుర్రాడు ఉచితంగా తీసుకున్నదానికి ఇప్పుడు రేటు కట్టారు. నన్నడిగితే దానికి రూపాయి ఎక్కువ పెట్టక్కర్లేదు.

పెంచుతూ పోయిన వేగానికి బిల్లు వేరే చోట వచ్చింది. చిప్ తాగే కరెంటు దాని వేగంతో పాటు పెరుగుతుంది, వోల్టేజికైతే వర్గంగా పెరుగుతుంది. వేగం పదిశాతం పెంచడానికి వోల్టేజి కూడా పదిశాతం పెంచాల్సి వస్తే, ఖర్చు ముప్పై మూడు శాతం పెరిగినట్టు. జీటీఎక్స్ 680 195 వాట్ల కార్డు. 2020లో 3090 వచ్చేసరికి 350. 2022లో 4090కి 450. 2025 జనవరిలో వచ్చిన 5090కి 575.

భూపాలపల్లిలో ఈ అంకెలు ఊహల్లోవి కావు. పక్కనే చెల్పూరులో కాకతీయ థర్మల్ ప్లాంటు ఉంది, 500 మెగావాట్లది ఒకటి, 600 మెగావాట్లది ఒకటి. మన థర్మల్ ప్లాంట్లలో యూనిట్ కరెంటుకి సుమారు ఆరేడు వందల గ్రాముల బొగ్గు కాలుతుంది. 575 వాట్ల కార్డు మీద పూర్తి లోడుతో నాలుగు గంటలు ఆడితే రెండు యూనిట్ల పైన. అంటే కిలోన్నర బొగ్గు. అది బావ లాంటివాళ్లు తవ్విన బొగ్గు.

వేడి సంగతి ఇంకా ముఖ్యం. యూట్యూబులో చూసే రివ్యూలు ఎక్కువగా ఇరవై, పాతిక డిగ్రీల గదుల్లో చేసినవి. మే నెలలో భూపాలపల్లి గది నలభై దాటుతుంది. గాలితో చల్లబడే కార్డు గది వేడికంటే ఇన్ని డిగ్రీలు ఎక్కువ అన్న లెక్కలో నడుస్తుంది కాబట్టి, రివ్యూలో 68 అని చూపించినది ఇక్కడ 83 దాకా పోవచ్చు. వేడెక్కేకొద్దీ బూస్ట్ మెట్టుమెట్టుగా వేగం తగ్గిస్తుంది. అదే పెట్టె, అదే ధర, కానీ కొన్న వేగం వేసవిలో చేతికి రాదు. ఇక హీట్‌సింక్ రెక్కల్లో పేరుకునే దుమ్ము సంగతి గనుల ఊరివాళ్లకి నేను చెప్పాలా.

"మామా, 5060 టీఐ తీస్కోవాల్నా, 9060 ఎక్స్‌టీ తీస్కోవాల్నా? ఓసీ చేస్త" అని అడిగాడు మా అల్లుడు. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్ మెట్లెక్కే ముందు నేను చెప్పింది ఇది: ఒకటి 180 వాట్లు, ఇంకోటి 160. రెండూ ఎనిమిది జీబీల్లో, పదహారు జీబీల్లో దొరుకుతాయి. మెమరీని తర్వాత ఏ సెట్టింగూ పెంచలేదు, కాబట్టి పదహారుదే తీసుకో. ఓసీ ఎడిషన్‌కి పెట్టే డబ్బు పెద్ద హీట్‌సింక్ ఉన్న మామూలు కార్డుకి, మంచి పవర్ సప్లైకి పెట్టు. క్యాబినెట్‌కి దుమ్ము జాలీ పెట్టించుకో.

ఓసీ సరదా తీరాలంటే దారి తిరగబడి ఉంది. దాన్ని అండర్‌వోల్టింగ్ అంటారు. వేగం అలాగే ఉంచి, చిప్ తడబడేదాకా వోల్టేజిని కొంచెం కొంచెం తగ్గిస్తూ, ఒక మెట్టు వెనక్కొచ్చి ఆగాలి. పదిశాతం వోల్టేజి తగ్గితే ఆ వర్గం లెక్క ప్రకారమే చిప్ ఖర్చు దాదాపు పంతొమ్మిది శాతం పడిపోతుంది. కార్డు చల్లబడుతుంది. చల్లబడ్డది కాబట్టి బూస్ట్ వేగం తగ్గించదు. ఇందులోనూ చిప్‌కి చిప్‌కి తేడా ఉంటుంది, ఎవరి అదృష్టం వాళ్లది. అన్ని చిప్‌లకూ సరిపోవాలని ఫ్యాక్టరీలో కాస్త ఎక్కువగా పెట్టే ఆ వోల్టేజే, కంపెనీ ఇంకా పూర్తిగా తన లెక్కలో రాసుకోని మిగులు. మావాడు మొదటి రాత్రే 900 మిల్లీవోల్టుల దగ్గర ఆపి, గేము మూడుసార్లు క్రాషయ్యాక 925కి వచ్చాడు. ఫ్యాన్ చప్పుడు ఇప్పుడు పక్కగదిలోకి వినపడట్లేదట.