పదకొండింటి సమ్మె

1934 ఏప్రిల్ 13, శుక్రవారం. పొద్దున పదకొండు కొట్టగానే అమెరికాలో దాదాపు 25,000 మంది కాలేజీ విద్యార్థులు పాఠాలు వదిలేసి బయటికొచ్చారు. వాళ్లలో 15,000 మంది ఒక్క న్యూయార్క్ నగరం వాళ్లే. గంటసేపు యుద్ధానికి వ్యతిరేకంగా సభలు జరుపుకొని, పన్నెండింటికి ఎవరి క్లాసులకు వాళ్లు వెళ్లిపోయారు. మరుసటేడు ఏప్రిల్ 12న ఆ సంఖ్య లక్షన్నరకు చేరింది. 1936 ఏప్రిల్‌లో అయిదు లక్షలని నిర్వాహకులు చెప్పుకున్నారు. అందులో హైస్కూలు పిల్లలూ ఉన్నారు, అతిశయోక్తీ కొంత ఉండే ఉంటుంది. ఎంత తగ్గించి లెక్కేసినా, దేశం మొత్తానికి కాలేజీ విద్యార్థులు పది పదకొండు లక్షలున్న రోజుల్లో అది చిన్న సంగతి కాదు. అలాంటి ఉద్యమం 1941 నాటికి అడ్రసు లేకుండా పోయింది. కుర్రకారు అమాయకత్వం అని కొందరు, కమ్యూనిస్టుల ఆట అని కొందరు దాన్ని కొట్టిపారేశారు. నాకు కనిపించే కారణం వేరు. వాళ్ల పోరాటమంతా అప్పటికే అయిపోయిన యుద్ధంతో. ఉద్యమానికి అంత బలం వచ్చిందీ, అది అంత త్వరగా కూలిందీ అందువల్లే.

తేదీ ఎంపికలోనే ఆ సంగతి ఉంది. అమెరికా మొదటి ప్రపంచయుద్ధంలోకి దిగింది 1917 ఏప్రిల్ 6న. ఆ వార్షికోత్సవం దగ్గర్లోనే ఏటా సమ్మె పెట్టుకున్నారు. 1,16,000 మంది అమెరికన్ సైనికుల్ని బలిగొన్న ఆ యుద్ధం వల్ల బాగుపడింది ఆయుధ కంపెనీలూ బ్యాంకులేనన్న అనుమానం అప్పట్లో ఇంటింటా ఉండేది. సెనేటర్ జెరాల్డ్ నై నడిపిన కమిటీ 1934 నుంచి ఆ కంపెనీల లాభాలను తవ్వి బయటపెట్టింది. విశ్వవిద్యాలయాల మీద విద్యార్థులకు మరో కోపం కూడా ఉండేది. కొలంబియా అధ్యక్షుడు నికొలస్ మరే బట్లర్ 1917 అక్టోబరులో యుద్ధవిధానాన్ని వ్యతిరేకించిన జేమ్స్ కెటెల్, హెన్రీ డానా అనే ఇద్దరు ప్రొఫెసర్లను కొలువులోంచి తీసేశాడు. అది చూసి చరిత్రకారుడు చార్ల్స్ బియర్డ్ రాజీనామా చేశాడు. అదే బట్లర్‌కు 1931లో నోబెల్ శాంతి బహుమతి వచ్చింది. 1934లో విద్యార్థులు బయటికి నడిచినప్పుడు కూడా ఆ కుర్చీలో ఉన్నది ఆయనే. శాంతికాలంలో శాంతి గురించి పెద్దలు చెప్పే మాటల మీద ఆ పిల్లలకు గురి కుదరలేదంటే తప్పు పట్టలేం.

గంటే ఎందుకు? 1920–21 సహాయ నిరాకరణలో మన విద్యార్థులను గాంధీజీ ఏకంగా ప్రభుత్వ కాలేజీలే వదిలి రమ్మన్నారు. దానితో పోలిస్తే గంట సమ్మె పిల్లలాటలా అనిపిస్తుంది. కానీ నిర్వాహకులు దీన్ని రిహార్సల్ అన్నారు: ప్రభుత్వం మళ్లీ యుద్ధానికి దిగితే ఆ రోజు ఏం చేస్తామో ముందే చేసి చూపడం. పైగా యాజమాన్యాలకు ఎదురుతిరిగే ఆ గంటకూ రిస్కు ఉండేది. ప్రభుత్వ భూమి గ్రాంటు పొందిన చాలా కాలేజీల్లో అప్పట్లో ఆర్.ఓ.టి.సి. సైనిక శిక్షణ తప్పనిసరి. అది సైన్యానికి అధికారుల్ని తయారుచేసే కోర్సు. మతవిశ్వాసం కారణంగా దాన్ని కాదన్న కాలిఫోర్నియా విద్యార్థులు సుప్రీంకోర్టు దాకా వెళ్లి 1934 డిసెంబరులో ఓడిపోయారు. న్యూయార్క్ సిటీ కాలేజీలో 1933 మే నెలాఖరున ఆర్.ఓ.టి.సి. కవాతు జరుగుతుంటే విద్యార్థులు నిరసనకు దిగారు. అధ్యక్షుడు ఫ్రెడరిక్ రాబిన్సన్ చేతిలో గొడుగు ఉంది. ఆయన ఆ గొడుగుతోనే వాళ్లను బాదడం మొదలుపెట్టాడు. ఒక విద్యాసంస్థ అధిపతి వాదన ఇలా ముగియడం చరిత్రలో అరుదు.

గతయుద్ధపు నీడ హాస్యంలోనూ పడింది. 1936 జనవరిలో మాజీ సైనికులకు బోనస్ చెల్లింపును ముందుకు జరుపుతూ చట్టం వచ్చింది. రెండు నెలలు తిరక్కుండానే ప్రిన్స్‌టన్ విద్యార్థులు 'భావి యుద్ధాల మాజీ సైనికుల' సంఘం పెట్టారు. వచ్చే యుద్ధంలో ఎటూ పోతాం కాబట్టి మా వెయ్యి డాలర్లు ఇప్పుడే ఇప్పించండన్నారు. వాసర్ కాలేజీ అమ్మాయిలు, పుట్టబోయే కొడుకుల సమాధులు చూసి రావడానికి ఇప్పుడే యూరప్ యాత్ర ఇప్పించమన్నారు. నవ్వించేవే అయినా ఆ సమాధులు ఫ్రాన్స్‌లోవి, 1918 నాటివి.

ఇది మాస్కో నడిపిన వ్యవహారమన్న ఆక్షేపణలో నిజం లేకపోలేదు. సమ్మెకు పిలుపునిచ్చిన రెండు సంఘాల్లో నేషనల్ స్టూడెంట్ లీగ్ కమ్యూనిస్టులది, రెండోది సోషలిస్టులది. 1935 డిసెంబరులో రెండూ కలిసి అమెరికన్ స్టూడెంట్ యూనియన్ అయ్యాయి. అయితే ఆ పార్టీల్లో ఉన్న విద్యార్థులు కొన్ని వేలు. క్లాసులు వదిలినవాళ్లు లక్షలు. ఆ తేడాను కుట్రతో పూడ్చలేం. ఈ ఊపు హిట్లర్‌కు ధైర్యమిచ్చిందన్నది ఇంకా గట్టి ఆక్షేపణ. 'రాజు కోసం, దేశం కోసం పోరాడం' అని ఆక్స్‌ఫర్డ్ యూనియన్ 275–153 ఓట్లతో తీర్మానించింది 1933 ఫిబ్రవరి 9న, హిట్లర్ చాన్స్‌లర్ అయిన పదిరోజులకే. దాన్ని అమెరికాకు సరిపోయేలా మార్చి సమ్మె సభల్లో ప్రతిజ్ఞ చేయించారు. కానీ అమెరికా చేతులు కట్టేసింది 1935 ఆగస్టు తటస్థతా చట్టం. దాన్ని చేసింది కాంగ్రెస్, మెచ్చింది జనం. విద్యార్థుల తప్పు వేరే ఉంది: 1917 లాంటి యుద్ధమే మళ్లీ వస్తుందనుకున్నారు.

ఆ పొరపాటు స్పెయిన్‌లో బయటపడింది. 1936లో ఫ్రాంకో తిరుగుబాటు మొదలయ్యాక అదే కాంపస్‌ల నుంచి యువకులు తుపాకి పట్టడానికి వెళ్లారు. అక్కడ పోరాడిన అమెరికన్ వాలంటీర్ల లింకన్ బెటాలియన్‌ను నడిపించిన రాబర్ట్ మెరిమన్ బర్క్‌లీలో ఆర్థికశాస్త్ర పరిశోధకుడు. స్పెయిన్‌లో అక్కరకొచ్చిన సైనికవిద్య అతనికి నెవాడా విశ్వవిద్యాలయంలో ఆర్.ఓ.టి.సి. నేర్పిందే. 1938 ఏప్రిల్‌లో అతను అక్కడే చనిపోయాడు. అంతకు ముందు డిసెంబరులో వాసర్‌లో జరిగిన మహాసభలో స్టూడెంట్ యూనియన్ ఆక్స్‌ఫర్డ్ ప్రతిజ్ఞను వదులుకొంది. మాస్కో విధానం మారడం దానికొక కారణం. ఫాసిజాన్ని ఎదిరించాల్సిందేనన్న నమ్మకం ఇంకోటి. రెండేళ్లకు హిట్లర్–స్టాలిన్ ఒప్పందం వచ్చి, సోవియట్‌లు ఫిన్లాండ్‌పై దాడి చేసినా యూనియన్ ఖండించకపోయేసరికి సభ్యులు చెల్లాచెదురయ్యారు.

1940 అక్టోబరు 16న నిర్బంధ సైనికసేవ కోసం దాదాపు కోటీ అరవై లక్షల మంది పేర్లు నమోదు చేసుకున్నారు. న్యూయార్క్ యూనియన్ థియలాజికల్ సెమినరీలో ఎనిమిది మంది విద్యార్థులు నమోదుకు ఒప్పుకోలేదు. మతవిద్యార్థులుగా వాళ్లకు ఎలాగూ మినహాయింపు ఉంది. పేరు రాసిస్తే సరిపోయేది. ఏ యుద్ధమైనా యుద్ధమేనన్నది వాళ్ల పట్టు. వాళ్లకు ఏడాదీ ఒక రోజూ జైలుశిక్ష పడింది.